పథ్యం విడిచిన రోజు

మగ్గానికెక్కించే గంజి పోగులు చుట్టి వచ్చిన కొత్త బీము మీది కాగితం విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది. ఈ ఉదయం, మేం బతుకుదెరువుకు వలస వచ్చిన ఈ లింబాయత్‌లోని మా మగ్గాల షెడ్డులోనూ అంతే. ఆ వాసనకు నాకు చంద్రవ్వ పెద్దమ్మ గుర్తుకొస్తుంది. చుట్టం కాదు, మా పక్క గదిలో ఉండేది. అయిపోయిన బీము పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా ముడివేసి అతకడం ఆమె పని. నాకు ఆ పని నేర్పింది ఆమే. ముడి జారితే, "చెయ్యి ఈడ, మనసు యాడ?" అంటూ నెత్తిన ఒక్కటి మొట్టేది.

ముందు ఆమెకు అరచేతులు దురద పెట్టాయి. "గంజి పడ్తలేదు" అన్నారు అందరూ. అన్నీ తెలిసినదానిలా నేనూ అన్నాను. కొబ్బరినూనె రాసుకుంటే పోగులకు మరకలై సేటు కేకలేశాడు. నూనె మానేసి, దురద పుట్టినప్పుడల్లా వెళ్లి అరచేతులు గరుకు గోడకు రుద్దుకుని వచ్చి మళ్లీ పనిలో కూర్చునేది. ఏడాది తిరిగేసరికి కళ్లు పచ్చబడ్డాయి. నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ మన తెలుగావిడే.

"లివర్‌లో పైత్యరసం పారే సన్న గొట్టాలు దెబ్బతింటున్నాయి. దురద గంజి వల్ల కాదు, దీనివల్లే. ఈ మాత్రలు రోజూ వేసుకోవాలి."

"ఎన్ని దినాలమ్మా?"

"బతికినన్నాళ్లూ."

"గట్లయితే గిది రోగం గాదు, కొలువు" అని పెద్దమ్మ నవ్వింది.

కొన్ని నెలలకు కళ్లు తెల్లబడ్డాయి. రిపోర్టు మెరుగైందని, మందు మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. మా చెవికెక్కింది మొదటి మాటే. మావాళ్లలో కామెర్లు దిగితే తలకు నీళ్లు పోసి, మాంసం కూరతో అన్నం పెట్టి పథ్యం విడిపిస్తారు. ఆ తర్వాత మందు ముట్టరు. నీళ్లు పోసింది నేను, కూర వండింది నేను. "ఇగ నీ కొలువు అయిపోయింది పెద్దమ్మా" అని మాత్రలు తీసి అటక మీద పడేసిందీ నేనే.

దురద మళ్లీ మొదలైనా ఆమె ఎవరికీ చెప్పలేదు. అంత ప్రేమగా వండిపెట్టినదాని మనసు నొచ్చుకుంటుందనుకుందట. రెండేళ్లకు పొట్టలో నీరు చేరింది.

"మాత్రలు ఎవరు ఆపమన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది.

నేను చేతిలోని రిపోర్టు మడతలు సరిచేస్తూ నిలబడ్డాను. పెద్దమ్మ నా వైపు చూడకుండానే, "ఎవరు గాదమ్మా, నేనే మర్సిపోయిన" అంది.

వానలు పడకముందే పెద్దమ్మ పోయింది. మాత్రలు ఆపకపోతే బతికేదా అని తర్వాత అడిగాను. చెప్పలేమంది డాక్టరమ్మ.

ఇప్పుడు షెడ్డులో ఎవరికి ఒళ్లు బాగోలేకపోయినా ఆసుపత్రికి నేనే వెంట పోతాను. తగ్గిందన్నవాళ్ల ఇంటికి వెళ్లి మరీ మాత్రలు లెక్క చూస్తాను. నా మంచితనమని అందరూ మెచ్చుకుంటారు. ఆ రోజు డాక్టరమ్మ ముందు ఆ అబద్ధాన్ని పెద్దమ్మ ఒక్కతే ఆడలేదని వాళ్లకు ఇంతవరకు చెప్పలేదు.