ఎర్రనీళ్ల రోజుల్లో పిన్ని

మా ఇంట్లో ఇరవై రెండేళ్లు అంట్లు తోమిన పిన్ని పోయింది. కిందటి నెల్లో ఒక మంగళవారం పొద్దున్న, స్కూలుకి టైమైపోతోందని నేను స్కూటీ తాళం వెతుక్కుంటుంటే, పిన్ని కూతురు గేటు దగ్గర నిలబడి "టీచరుగారండీ, అమ్మ లేవలేదండి" అంది. నాకు అర్థం కాలేదు. "జ్వరమా? ఇవాళ రాకపోయినా పర్లేదులే, పడుకోమను" అన్నాను. "పడుకునే ఉందండి" అని గేటు పట్టుకుని కూలబడిపోయింది. అప్పుడు అర్థమైంది.

పిన్ని అనడమే గానీ మాకు చుట్టం కాదు. మా అత్తగారు "చెల్లీ" అని పిలిచేవారు, అలా మాకు పిన్ని అయింది. వాళ్లాయన గోదారి మధ్య లంకల్లోకి పడవ వేసేవాడు. ఆయన పోయేక మా ఇంటికి పనికొచ్చింది. మీలో ఆవిణ్ణి ఎరిగినవాళ్లెవరూ ఉండరు. పేపర్లో ఫొటో పడే మనిషి కాదు. నేనెందుకు రాస్తున్నానంటే, ఆవిణ్ణి ఒకసారి ఒక మాటన్నాను. అనకూడని మాట. అది వెనక్కి తీసుకోవాలని రెండేళ్లు అనుకుంటూనే ఉన్నాను. తీసుకోకుండానే సాగనంపేను.

పిన్ని పొద్దున్న ఆరింటికల్లా వచ్చేది. చెప్పులు గేటు బయటే, ఎప్పుడూ వీధివైపు తిప్పి విడిచేది. తోమిన గ్లాసు బోర్లించే ముందు అంచు చుట్టూ బొటనవేలు ఒకసారి తిప్పేది. జిడ్డుంటే మళ్లీ తోమేది. ఏం చెప్పినా "ఆయ్" అనేది. ఆ ఆయ్‌లో ఒప్పుకోవడమూ ఉండేది, "మీరు చెప్పేదేమిటి, నాకు తెలీదా" అనడమూ ఉండేది. ఏది ఎప్పుడో కనిపెట్టడానికి నాకు పదేళ్లు పట్టింది.

నీళ్ల సంగతి ఆవిడికి తెలిసినట్టు మా వీధిలో ఎవరికీ తెలీదు. బిందె పట్టగానే ఎవరైనా చెంబు ముంచబోతే ఊరుకునేది కాదు. "నీళ్లకి తొందర పనికిరాదండి. కాసేపు నిలబెట్టండి, అవే తేరుకుంటాయి" అనేది. గోదారి పక్కనే కొత్తపేటలో పుట్టిపెరిగిన నాకు నీళ్ల గురించి ఈవిడ చెప్పేదేమిటని విసుక్కునేదాన్ని.

రెండేళ్ల కిందట మా ఇంట్లోకి డిష్‌వాషర్ వచ్చింది. పిన్ని వేళ్ల సందులు నాని పుండ్లు పడుతున్నాయి, చూళ్లేక కొన్నానని స్టాఫ్ రూములో అందరికీ చెప్పేను. అబద్ధం కాదు గానీ పూర్తి నిజమూ కాదు. కార్తీకమాసంలో ఒకసారి, తన మేనకోడలి పెళ్లికి ఒకసారి పిన్ని మానేస్తే గుట్టలు పడిన గిన్నెలు తోముకుని నేను శివాలెత్తిపోయేను. ఇక ఎవరిమీదా ఆధారపడకూడదనుకున్నాను. అదీ సంగతి.

మిషను దింపుతున్నప్పుడు పిన్ని చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నువ్వు రావడం మానకు పిన్నీ, కూరలు తరుగు, ఇల్లు చూసుకో, అంట్లు ఒక్కటే ఇది తోముతుంది" అన్నాను. "ఆయ్" అంది. ఆ ఆయ్ మాత్రం నాకు అర్థం కాలేదు. తర్వాత దానికి కొత్తమ్మాయి అని పేరుపెట్టింది. కొత్తమ్మాయి తోమిన పళ్లేలు ఒక్కొక్కటే తీసి, అంచుమీద బొటనవేలు తిప్పి, "పాసేనండి" అనేది. చేపల పులుసు పెట్టే మట్టి దాక మాత్రం ఇచ్చేది కాదు. "ఇది దానికి తెలీదండి, చిన్నపిల్ల" అని తనే తోముకునేది.

నెల తిరక్కుండానే కొత్తమ్మాయి మొరాయించింది. మీట నొక్కితే కాసేపు గురగురమని ఆగిపోయింది. తెరమీద ఈ-వన్ అని, పక్కన చిన్న కుళాయి బొమ్మ వెలుగుతూ ఆరుతూ కనబడింది. పుస్తకం తిరగేస్తే, నీళ్లు అందడం లేదని ఉంది. చుట్టూ కాలవలు, రెండడుగులేస్తే గోదారి, నీళ్లు లేవంటుందేమిటి ఇది! ఆపి మళ్లీ వేసేను. అదే బొమ్మ. మర్నాడూ అదే. మూడోరోజు అమలాపురంలో మెకానిక్కుకి ఫోన్ చేస్తే "సింకు కింద కుళాయి ఎవరైనా కట్టేసేరేమో చూడండి మేడమ్" అన్నాడు.

నేను చూడలేదు. వంగి చూడ్డానికి ఒక్క క్షణం పట్టేది. ఫోన్ పెట్టేసి, పెరట్లో ఉన్న పిన్నిని పిలిచి, "నీ చేతిలో పని పోయిందని దానికి నీళ్లు కట్టేసేవా పిన్నీ?" అన్నాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. "కట్టలేదండి" అంది. ఇరవయ్యేళ్లలో ఒక్క స్పూను కూడా పోని ఇల్లు మాది. ఆ మనిషిని పట్టుకుని అన్నానా మాట. తర్వాత సింకు కింద తలుపు తీసి చూస్తే కుళాయి పూర్తిగా తిప్పే ఉంది. పొరపాటైంది పిన్నీ అనడానికి ఎంతసేపు? పాతికేళ్లు పిల్లల చేత సారీ చెప్పించినదాన్ని, నాకు రాలేదు.

ఆవిడే కొంగు బిగించి నా పక్కన కూచుంది. "గోదారికి ఎర్రనీళ్లొచ్చి నాలుగు రోజులైందండి. బిందె అడుగు చూడండి" అంది. చూసేను. అడుగున వేలెడు మందాన ఎర్రమట్టి. వరదకి కొత్తనీరు దిగితే మా కుళాయిల్లోకీ ఆ రంగు వచ్చేస్తుంది, ప్రతి ఏడూ చూసేదే. అయినా నాకు తట్టలేదు. మా ఆయన చేత మిషను వెనక గొట్టం విప్పించింది. గొట్టం నోట్లో వేలి తొడుగంత చిన్న జల్లెడ ఉంది, దాన్నిండా మట్టి పట్టేసింది. పాత టూత్‌బ్రష్‌తో తోమి, వెలుతురుకి పెట్టి ఒక కన్ను మూసి చూసింది. "గొంతు పట్టేసిందండి పాపం" అంది. మళ్లీ బిగించి మీట నొక్కితే లోపల నీళ్లు పడ్డ చప్పుడయింది. పిన్ని నవ్వింది. నేనూ నవ్వేను. ఆ నవ్వులో నా మాట కొట్టుకుపోయిందనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని.

ఆ తర్వాత రెండేళ్లు కుళాయి బొమ్మ మళ్లీ వెలగలేదు. మిషను గట్టిదని అందరికీ గొప్పలు చెప్పేను. శనివారాలు పిన్ని డాబా ఎక్కి ఓ పట్టాన దిగేది కాదు. "పైన ఏం చేస్తున్నావు ఇంతసేపు?" అని కింద్నించి కేకలేసేదాన్ని. "ఆయ్, వస్తున్నానండి" అనేది. దిగేసరికి మోచేతుల దాకా తడిసి ఉండేది. చాపలు ఉతుకుతోంది కాబోలు అనుకున్నాను. అడిగింది లేదు.

పిన్ని పెద్దకర్మ అయిన మూడోరోజు మిషను వేస్తే కుళాయి బొమ్మ వెలిగింది. వంటింట్లో నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయేను. ఈసారి ఎవర్నీ పిలవలేదు. పిలవడానికెవరున్నారు? సింకు కింద కుళాయి చూసేను. తిప్పే ఉంది. పిన్ని చేసినట్టే గొట్టం విప్పి, జల్లెడ తోమి బిగించేను. నడిచింది. రెండ్రోజులకి మళ్లీ అదే. జల్లెడ నిండా మళ్లీ ఎర్రమట్టి. రెండేళ్లు రాని మట్టి ఇప్పుడెక్కడిదని డాబా ఎక్కి ట్యాంకు మూత తీసేను.

మోటారు నీళ్లు పడే పైపు నోటికి ఒక గుడ్డ కట్టి ఉంది. పసుపు చీర ముక్క, పచ్చంచు. పిన్ని ఆ చీర కట్టుకుని ఎన్నేళ్లు వచ్చిందో నాకు తెలుసు. గుడ్డ మట్టి బరువుకి మధ్యలో చిరిగిపోయింది. ముడి మాత్రం చెక్కుచెదరలేదు. పిట్టగోడ పక్కన, ఇటిక కింద, అదే చీర ముక్కలు, ఉతికి ఆరేసి, ఒక్క కొలతన మడతపెట్టి ఉన్నాయి.

మా వైపు ఎర్రనీళ్ల రోజుల్లో కుళాయి నోటికి గుడ్డ కట్టడం కొత్త సంగతేం కాదు. మా అమ్మా కట్టేది. ఇంటిమీదికి ట్యాంకులొచ్చేక మేమంతా మర్చిపోయేం. పిన్ని మర్చిపోలేదు.

అక్కణ్ణించే పిన్ని కూతురికి ఫోన్ చేసేను. "మీ అమ్మ ఇక్కడ గుడ్డ కట్టేదని నీకు తెలుసా?" అన్నాను.

"ఆయ్, తెలుసండి. శనివారం శనివారం మార్చేదండి. ఒంట్లో బాగోపోయినా ఊరుకునేది కాదండి." మళ్లీ తనే అందుకుంది. "ఆ మిషను ఆగిపోద్ది, ఆగిపోతే టీచరుగారు మళ్లీ నేనే నీళ్లు కట్టేసేననుకుంటారు అనేదండి."

"తప్పు నాదేనమ్మా, మీ అమ్మనలా అనకూడదు" అన్నాను. రెండేళ్లు రాని మాట అప్పుడొచ్చింది. వినాల్సిన మనిషికి కాదు. "ఊరుకోండి టీచరుగారండీ, అమ్మ మీమీద ఎప్పుడూ కోపం పెట్టుకోలేదండి" అంటూ ఆ పిల్లే నన్ను ఓదార్చింది. నాకు ఏడుపాగలేదు. కోపమైనా పెట్టుకుని ఉంటే బాగుండును.

పాత ముడి విప్పబోతే నా గోళ్లకి లొంగలేదు. కత్తెర తెచ్చుకుని గుడ్డ కోసేను, ముడిని కొయ్యబుద్ధి కాక పైపుకే వదిలేసేను. దాని కిందుగా కొత్త ముక్క కట్టేను. నాకొచ్చిన ముడి రెండుసార్లు జారిపోయి మూడోసారికి నిలబడింది. కిందకి కేకేసి మా ఆయన్ని మోటారు వెయ్యమన్నాను.

పైపు ఒకసారి దగ్గి నీళ్లు వదిలింది. పసుపు గుడ్డ నిండుగా ఉబ్బింది. కాసేపటికి మధ్యలోంచి మెల్లగా ఎర్రబడ్డం మొదలైంది. దాని కిందనించి ట్యాంకులోకి తేరిన నీళ్లు పడుతున్నాయి. మూత చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.