తడి చెయ్యి నిబంధన

న్యూజెర్సీలోని ఓ తెలుగు రేడియోలో శనివారం ఉదయాల రాజకీయ చర్చ నాకు అప్పగించింది ఒక ఎన్నికల ఏడాది వేసవిలో. రిటైరయ్యేదాకా ఆ మైకు వదల్లేదు. నా వాదం ఒక్కటే: ఎదుటివాడికి హాని చేయనంతవరకు మనిషి జోలికి ప్రభుత్వం రాకూడదు. పన్నుల గురించి మాట్లాడితే ఒక పార్టీవాళ్ళు మెచ్చుకునేవారు, వీసాల గురించి మాట్లాడితే రెండోవాళ్ళు. మిగతా గంటంతా ఇద్దరూ కలిసి తిట్టేవారు. నాకు మాత్రం అది పండగే.

ఫోన్లు ముందుగా కాల్ స్క్రీనర్ శైలజకి వెళ్ళేవి. ఎవరో, ఏం మాట్లాడతారో కనుక్కుని పేరు నా తెర మీదికి పంపేది. ఎవరి గొంతు వినిపించాలో, ఎవరిది ఆపాలో నా ముందున్న బటన్ల పని.

ఒక వారం చర్చ లైసెన్సుల మీద. పార్సిప్పనీ నుంచి విజయలక్ష్మిగారు ఫోన్ చేశారు. అపార్ట్‌మెంట్‌లో ఆవకాయ పెట్టి తెలిసినవాళ్ళకి అమ్మేవారట; ఇంటి వంటగదిలో చేసింది అమ్మకూడదని హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఆపించాడట. నేను రెచ్చిపోయాను. కొనేవాళ్ళకి లేని బాధ ప్రభుత్వానికెందుకని దంచేశాను.

అంతలో తెర మీద నాగేశ్వరరావుగారి పేరు కనిపించింది. ఆయన రెస్టారెంట్ యజమాని, మాకున్న ఒకే ఒక్క స్పాన్సర్. ఆయన ప్రకటన ఆగితే మా కార్యక్రమం ఆగినట్టే.

"అంకుల్, ఆయన చాలా అప్‌సెట్‌గా ఉన్నారు. బ్రేక్ తీసుకుందామా?" అని శైలజ నా హెడ్‌ఫోన్‌లో అడిగింది.

బ్రేక్ తీసుకుంటే తప్పించుకోవచ్చు. కానీ ప్రకటన మానుకునే స్వేచ్ఛ ఆయనకీ ఉందని నా వాదమే చెబుతోంది. ఆవిడ లైన్లో ఉండగానే ఆయన్నీ కలిపేశాను.

నాగేశ్వరరావుగారు నన్ను కడిగేశారు. అన్ని పర్మిషన్లూ తెచ్చుకుని నడుపుతున్న నేను పిచ్చివాణ్ణా అన్నారు. ఆ బరువు మీ మీదా ఉండకూడదనేదే నా మాట అని చెప్పబోయేలోగా విజయలక్ష్మిగారు అందుకున్నారు.

"మీ హోటల్లో ఆవకాయ తిన్నానండీ. ఆవపిండి చేదెక్కింది."

నా వేలు ఆవిడ బటన్ మీదికి వెళ్ళింది. నా జోలికి రావద్దనే పెద్దమనిషిని, వీళ్ళ జోలికెందుకు పోవాలి? చెయ్యి వెనక్కి తీసుకున్నాను.  నాగేశ్వరరావుగారు నవ్వారు.

"అయితే మీరే వచ్చి పెట్టండమ్మా. మధ్యాహ్నం మా కిచెన్ ఖాళీయే. దానికి లైసెన్సుంది."

"వస్తాను. జాడీలో తడి చెయ్యి మాత్రం ఎవరూ పెట్టకూడదు. ఓనరైనా సరే."

ఆయన ఒప్పుకున్నారు. గాజు తలుపు అవతల శైలజ పడీపడీ నవ్వుతోంది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మరుసటి వారం ఆ రెస్టారెంట్లో దొరికే విజయలక్ష్మిగారి ఆవకాయ ప్రకటన నేనే చదివాను. తడి చెయ్యి నిబంధన ఆ వంటగదిలో ఏ ఇన్‌స్పెక్టరూ లేకుండానే అమలవుతూ వచ్చింది, ఇష్టపడి ఒప్పుకున్నది కాబట్టి. నేను ఏళ్ళ తరబడి వాదించిన విషయం అలా రుజువైంది, నేను నోరు మూసుకున్న కాసేపట్లో.