అత్తయ్య వదలని గరిటె

మా మేనత్త ప్రభువునందు నిద్రించారు. ఆవిడ కొడుకు, ఆకివీడులో చేపల లారీలు తిప్పే మా బావ, పొద్దున్నే ఫోన్ చేసి చెప్పారు. "అమ్మ వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. తర్వాత ఆయనే, "ఆదరణ కూడికలో అదే పెట్టమంది కదా, నీకు చేయడం వచ్చా?" అని అడిగారు. రాదు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది.

అదేమిటో మీకు చెప్పాలి. తాడేపల్లిగూడెంలో లెక్కల టీచరుగా రిటైరయ్యాక మా అత్తయ్య ఫోన్‌లో వీడియోలు చూసి టాకోలు చేయడం మొదలుపెట్టారు. మొక్కజొన్న రొట్టెలో కారంగా వేపిన పెద్దమాంసం పెట్టి, దానిమీద దోరమామిడి, అనాసపండు, ఉల్లిపాయ, పచ్చిమిరప సన్నగా తరిగి కలిపిన పచ్చడి వేసి, మడిచి చేతిలో పెట్టేవారు. వీడియోలో వాళ్ళు సాల్సా అని ఎన్నిసార్లు అన్నా ఆవిడకది పళ్ళ పచ్చడే. "మన రొట్టే, మన కూరేనే. మడత పెట్టేసరికి పేరు మారింది, అంతే" అనేవారు. నెలలో మొదటి ఆదివారం చర్చి నుంచి అందరం నేరుగా ఆ ఇంటికే చేరేవాళ్ళం. మూకుడు అడుగున కరకరలాడే ముక్కలు నాకోసం పక్కన తీసి ఉంచేవారు.

"నా ఆదరణ కూడికలో బిర్యానీ పెట్టారంటే ఊరుకోను. ఇదే పెట్టాలి" అని మా అందరి ముందూ చెప్పారు. చనిపోయినవారి ఇంట్లో ప్రార్థన అయ్యాక పెట్టే భోజనం గురించి అంత ధీమాగా ఆజ్ఞ ఇచ్చిన మనిషి, ఎలా చేయాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు. "నేర్పండత్తయ్యా" అంటే, "నేర్పడానికేముంది, చూస్తుంటే వస్తుంది" అనేవారు. సరే కదా అని పొయ్యి దగ్గర నిలబడితే, "జరగవే, మాడ్చేస్తావు" అంటూ నా చేతిలోని గరిటె లాగేసుకునేవారు. ఊళ్ళో పిల్లలందరికీ ఎక్కాలు ఓపిగ్గా వల్లె వేయించిన మనిషి ఆవిడేనా అనిపించేది.

ఇంకో బాధ ఉప్పు. మేం చేతులు కడుక్కుని పళ్ళాల ముందు కూర్చున్నాక, అప్పుడు తీరిగ్గా పళ్ళ పచ్చడిలో ఉప్పు వేసి కలపడానికి వెళ్ళేవారు. ఆకలితో కడుపులు మాడిపోతుండేవి. "ముందే వేసి ఉంచొచ్చుగా అమ్మా" అని బావ గొణిగితే, "ఆగలేరా రెండు నిమిషాలు?" అనేవారు. ఎందుకో ఒక్కరోజూ చెప్పలేదు.

కూడిక రోజు పొద్దున్నే ఏలూరు నుంచి వెళ్ళి ఆ వంటింట్లో నిలబడ్డాను. మాంసం బావ తెచ్చారు. కుక్కర్లో ఉడికించి, ఎండుమిరపకాయలూ జీలకర్రా వెల్లుల్లీ నూరి, వేపుడు వరకు బాగానే లాక్కొచ్చాను. రొట్టెలే ప్రాణం తీశాయి. మడిచినదల్లా మధ్యకి విరిగింది. నీళ్ళు ఎక్కువైతే పిండి, రొట్టె వత్తే పాల కవరుకి అంటుకుంది. "నీళ్ళు ఎంత పోసేవారండీ మీరు?" అని ఖాళీ వంటింట్లో పైకే అడిగాను. గుమ్మం దగ్గర నుంచి బావ, "పోనీ బిర్యానీ చెప్పేయనా? ఇంకా టైముంది" అన్నారు.

"వద్దు బావా. ఆవిడ ఊరుకోరు."

చివరికి నీళ్ళు సలసల మరగనిచ్చి పిండి కలిపి, కాలిన రొట్టెలను గుడ్డలో చుట్టి ఉంచితే మెత్తబడ్డాయి. కాస్త ధైర్యం వచ్చింది. అందరినీ ఆకలితో ఆపడం ఎందుకని ప్రార్థనకి ముందే పళ్ళ పచ్చడిలో ఉప్పు కలిపేసి తెలివైనదాన్ననుకున్నాను. పాస్టరుగారి ప్రార్థన ముగిశాక మూత తీస్తే గిన్నెలో అంతా నీళ్ళే. ముక్కలు తేలుతున్నాయి. అది వేస్తే రొట్టె ముద్దయిపోతుంది.

ఇందుకా ఇన్నేళ్ళూ మమ్మల్ని ఆపింది? ప్రతి లెక్కకీ ఎందుకో చెప్పే మనిషి ఈ ఒక్క ముక్క చెప్తే ఏం పోయేది? మీరే చెప్పండి, పోయిన మనిషి మీద ఇంత కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలి? మిగిలిన మామిడికాయలూ అనాసపండూ విసురుగా తరిగాను. అందరినీ చేతులు కడుక్కుని కూర్చోమన్నాను. అప్పుడు ఉప్పు తీశాను.

"ఇంకా ఎంతసేపమ్మా?" అన్నారు బావ.

"ఆగలేరా రెండు నిమిషాలు?"

బావ తల దించుకున్నారు.

పచ్చడి గిన్నె అందించి, పొయ్యి మీద ఉన్న వేపుడు చివరి వాయి కలుపుదామని వంటింట్లోకి వచ్చాను. గరిటె పట్టుకున్నానో లేదో అడుగంటిన వాసన తగిలింది. అలవాటు కొద్దీ గరిటె మూకుట్లోనే వదిలేసి పక్కకి జరిగాను. కాసేపు అలాగే నిలబడ్డాను. గరిటె ఎవరూ తీసుకోలేదు. కూర మాడిపోతోంది.