గుమ్మడికాయ వేలం

నా చిన్నప్పుడు మా మామ్మ కోర్టులో గెలిచి కూడా చేతికి పైసా అందక తిరిగింది. గుడివాడ అవతల మా ఊళ్ళో ధాన్యం కొనే షావుకారు ఆవిడ వడ్లు అప్పుగా తీసుకుని డబ్బు ఎగ్గొడితే, దావా వేసి డిక్రీ తెచ్చుకుంది. వసూలుకి కోర్టు అమీనా వెళ్తే, ఇల్లు భార్య పేరనీ, సామాను బావమరిదిదనీ, తన దగ్గర చిల్లిగవ్వ లేదనీ చెప్పి పంపేశాడాయన. ఇక్కడేమో మా చిన్నత్తకి నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. ఆ వారంలో ఫీజు కట్టకపోతే పోతుంది. "ఈ డిక్రీ దేనికి, నాలిక గీసుకోడానికా?" అని అత్త ఏడ్చింది.

ఆ ఆదివారమే మా చర్చిలో కోతపండుగ. ఆరాధన అయ్యాక అందరూ తెచ్చిన కానుకలు వేలం వేస్తారు. ఆ రోజు వేలంపాట మధ్యలో ఆపితే పరువు పోతుందని మా ఊరి పెద్దమనుషుల నమ్మకం, మా చర్చికే వచ్చే ఆ షావుకారుకైతే మరీను. మామ్మ దొడ్లో కాసిన గుమ్మడికాయ బల్ల మీదకి రాగానే ఆయన పాడాడు. మామ్మ పైపాట పాడింది. ఆవిడ సంచిలో బస్సు చార్జీలు తప్ప ఏమీ లేవని నాకు తెలుసు. ఆయన పెంచాడు, ఆవిడా పెంచింది. చివరికి ఆయన లాల్చీ జేబులోంచి నోట్ల కట్ట తీసి, అందరికీ కనబడేలా పట్టుకుని, ఆ కాయని మేకపోతు ధరకి పాడేసుకున్నాడు. మామ్మ అప్పుడు చల్లగా కూర్చుంది.

నలుగురిలో ఒక్క మాట అనలేదు. కాయని తనే చంకనెత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆయన ఇంటికి నడిచింది. గుమ్మంలో దించి మెల్లగా అంది.

"దేవుడి దగ్గర చెయ్యాడింది కదా నాయనా, మంచిదే. నీ నోట్ల కట్ట ఇంతమంది చూశారని కోర్టులో చెప్పగలను. నాచేత చెప్పించకు. పిల్ల సీటు పోద్ది."

ఆయన గుమ్మడికాయని గుమ్మం లోపలికి జరిపాడు. "కూర్చో పిన్నీ" అని లోపలికెళ్ళి డిక్రీ సొమ్మంతా తెచ్చి ఇచ్చాడు. మర్నాడు మామ్మ ముందు గుడివాడ కోర్టులో బాకీ తీరిందని రాయించి, తర్వాతే ఫీజు కట్టింది.

"ఆయన పాట ఆపేసుంటే ఏం చేసేదానివి మామ్మా?" అని అడిగాను.

"ఏవుంది, మన కాయకి మనమే బాకీ పడేవాళ్ళం" అని నవ్వింది.

చిన్నత్త జీతమే తర్వాత నన్ను చదివించింది. వాళ్ళిద్దరికీ ఎంత రుణపడ్డానో చెప్పలేను. ఇప్పుడు నేనూ మామ్మనయ్యాను. నాకు రావలసింది ఎవరినైనా అడగాల్సి వస్తే, నలుగురిలో నోరు మెదపను. మనసులో ఆ గుమ్మడికాయని చంకనెత్తుకుని, వాళ్ళ గుమ్మందాకా వెళ్ళి అడుగుతాను.