చర్చిలో మట్టిగోడ

మా అమ్మాయి సియాటిల్ దగ్గర ఒక పెద్దవయసు జపాన్ మేస్త్రి దగ్గర గోడలకు మట్టి పూయడం నేర్చుకుంది. అట్టల్లాంటి డ్రైవాల్ పలకలతో గోడలు కట్టే దేశంలో ఇదేం చదువని మా వాళ్లు మొహం మీదే అడిగేవారు. నాకు మాత్రం ముచ్చటేసేది. కాకపోతే మా గరాజ్‌లో మట్టిలో గడ్డి కలిపి నానబెట్టినప్పుడు ఆ కంపుకి నాకూ తల తిరిగింది.

"గడ్డి బాగా కుళ్లితేనే మమ్మీ, మట్టి గోడని పట్టుకుంటుంది," అంది.

మోరిస్‌విల్‌లో మా తెలుగు చర్చి ఒక పాత గోడౌన్‌లో నడుస్తుంది. పాస్టరుగారు ప్రసంగం చెప్పే పుల్పిట్ వెనక గోడకి మా అమ్మాయి మట్టి పూయడానికి కమిటీ అయిష్టంగానే ఒప్పుకుంది. కొత్త ఇళ్లకు పునాదులు తవ్విన చోట పారబోసిన ఎర్రమట్టిని మా అమ్మాయి కార్లో తెచ్చుకుంది. జల్లెడ పట్టి, సముద్రపు నాచు ఉడికించిన జిగురు కలిపి, పలుచటి తాపీతో పొర మీద పొర పూసింది. దాని మణికట్టు తిరిగే తీరు చూడటానికి నాకు రెండు కళ్లూ చాలలేదు. ఆరాక గోడ కొత్త కుండ రంగుకొచ్చింది.

క్రిస్మస్‌కి డెకరేషన్ బాధ్యత మా సంఘంలోని డాక్టరుగారిది. ఆవిడ రిటైరైన సర్జన్. గోడ నిండా టేపుతో స్టార్లు అంటించారు. పండగయ్యాక లాగితే స్టార్లతో పాటు మట్టిపొర పెచ్చులుగా ఊడొచ్చింది. కమిటీకి అంతకన్నా ఏం కావాలి? ఆదివారం మీటింగ్‌లో మట్టి పీకేసి డ్రైవాల్ పెట్టే సంగతి తేల్చేస్తామన్నారు. ఇది దాని మొదటి గోడ. ఇదే పీకేస్తే ఈ ఊళ్లో ఇంకెవరు పని ఇస్తారు?

శనివారం మా అమ్మాయి మట్టి బకెట్‌తో చర్చికి వెళ్లి డాక్టరుగారిని రమ్మంది. ఆవిడని మాటలతో దులిపేస్తుందేమోనని నేనూ వెంట వెళ్లాను. అది ఆవిడ చేతికి తాపీ ఇచ్చింది.

"ఆపరేషన్లు చేశాను గానీ ఇది నాకేం వచ్చు నాన్నా," అన్నారావిడ.

"ఫస్ట్ వాటర్ స్ప్రే చేయండి ఆంటీ. పాత మట్టి తడిస్తే కొత్తది కలుస్తుంది. ఎన్నిసార్లైనా రిపేర్ చేయొచ్చు."

మొదట్లో ముద్దలు ముద్దలుగా పడింది. ఆవిడ గీకేసి మళ్లీ పూశారు. నేను పులిహోర తెచ్చి పెట్టినా తాపీ వదల్లేదు. సాయంత్రానికి స్వెటర్ నిండా మట్టి. అతుకులు కాస్త ముదురుగా కనిపిస్తున్నాయి, అయినా గోడ నిండుగా ఉంది.

ఆదివారం మీటింగ్‌లో డ్రైవాల్ మాట రాగానే డాక్టరుగారు లేచి నిలబడ్డారు.

"ఆ గోడ జోలికి ఎవరూ వెళ్లొద్దు. అది నేను పూసిన గోడ."

కమిటీ డ్రైవాల్ మాట పక్కనపెట్టి తర్వాతి విషయానికి వెళ్లిపోయింది. మా అమ్మాయి ఊసైనా ఎత్తలేదావిడ. నాకు ఒళ్లు మండింది.

"చూశావా, నీ గోడని తనదనేసింది," అన్నాను దాని చెవిలో.

"అలా అనాలనే కదా మమ్మీ, తాపీ ఇచ్చాను."