తాత లాగ్‌బుక్

పెద్దమ్మకు గుండెలో కవాటం మార్చాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అని డాక్టర్లు చెప్పి మూడు నెలలైంది. ఆమె మాత్రం ససేమిరా అంటోంది. "నాకేం భయమా? తీరిక దొరుకుతలేదు, గంతే." రిటైరైన టీచరు, బాచుపల్లి ఫ్లాట్‌లో పొద్దస్తమానం టీవీ ముందు కూర్చునే మనిషి, తీరిక లేదంటే నాకు ఒళ్లు మండేది.

భయమన్న మాట ఆమె నోట రాదు. దానికి కారణం ఆమె తండ్రి, మా తాత. నౌకాదళం తొలిరోజుల్లో విమానాన్ని తెచ్చి, సముద్రంలో కదిలే ఓడ మీద దింపిన కొద్దిమందిలో ఆయనొకరు. చిన్నప్పుడు పెద్దమ్మ సూదికి ఏడిస్తే, "విమానం నడిపేటోని బిడ్డవు, భయపడతవా?" అని అందరూ గదమాయించేవారట.

నేను పుట్టకముందే పోయిన ఆ తాత గురించి రాసి, చుట్టాల వాట్సాప్ గ్రూపులో గొప్పలు పోదామని నా ఆశ. తాత వివరాలు కావాలని ఢిల్లీలోని నౌకాదళ ఆఫీసుకు రెండేళ్లు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. తీరా చూస్తే, తాత దగ్గర విమానం నేర్చుకున్న పెద్దాయన, నేను రోజూ కోకాపేట ఆఫీసుకు పోయే దారిలోనే, శేరిలింగంపల్లిలో ఉన్నాడు!

"చదివి ఇస్తానని తీసుకున్నానమ్మా. ఇవ్వడమే మర్చిపోయాను," అని సిగ్గుపడుతూ తాత లాగ్‌బుక్ నా చేతిలో పెట్టాడాయన.

విమానం ఎక్కిన ప్రతిసారీ పైలట్ రాసుకునే పుస్తకమది. ఏ విమానం, ఎంతసేపు, ఎలా దిగింది. అంతా పొడి పొడి ఇంగ్లీషు. ఓడ మీద మొదటిసారి దిగిన రోజు దగ్గర మాత్రం, చివరి గడిలో తెలుగులో రెండు మాటలు: "చాలా భయమైంది." తెలుగు రాని పై అధికారి దాని కిందే దర్జాగా సంతకం పెట్టేశాడు.

మొదట నా ముఖం మాడిపోయింది. ఇది గ్రూపులో పెడితే తాత పరువేం కావాలి అనుకున్నాను. అప్పుడు పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఆదివారం వెళ్లి ఆ పేజీ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"మా నాయన రాసిండా?"

"ఆయన చేతిరాతే, పెద్దమ్మా."

ఆమె ఏడ్చేసింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"మళ్ల ఎక్కిండా?"

పేజీ తిప్పాను. "తెల్లారే ఎక్కిండు."

"నాకు గూడ మస్తు భయమైతుందే," అంది నా చెయ్యి పట్టుకుని. "దవాఖానకు ఫోన్ చెయ్యి. నువ్వు నా ఎంబడే ఉండాలె."