ఆరు ఏసీల అంచనా

నేను చెప్పేదాంట్ల ఒక్క అక్షరం అబద్ధమున్నా, కొత్తగ పెట్టించుకున్న ఈ పండ్ల సెట్టు ఊడి ఈ చాయ్ కప్పుల పడాలె! ఇంతకన్న పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. కూసో సుజాతా, నా మేనకోడలివి, నీకు గాక ఎవలకు చెప్పుకోవాలె. అరుగు మీద నిచ్చెన పక్కన కూసున్న ఆ మనిషిని గట్ల చూడకు. ఆయన లైన్‌మన్. మా మీటర్ పీకనీకి వచ్చిండు. చాయ్ పోసి ఆపిన. ఇప్పటికి ఒక బిందె చాయ్ తాగిండు.

మేం బిల్లు కట్టలేదా అంటవా? ఎందుకు కట్టలేదు! ఈ దేశానికి ఇంక ఇరవై ఏండ్లకు ఎంత కరెంటు కావాల్నో నన్ను అడిగిర్రు. నేను చెప్పిన. అదీ నా తప్పు!

నవ్వకు, విను. ముందల దుకాణం నా కొడుకు శ్రీనుది, కోడలిది. వెనక పెరడు నాది. మొయినాబాద్ మొత్తంల పొద్దుగూకేదాక ఎండ పడే జాగ అదొక్కటే మిగిలింది, మిగతాదంత అపార్ట్‌మెంట్ల నీడే. ఆ ఎండ తోనే నా చల్ల మిరపకాయలకు ఆ రుచి. వాటికోసం శంకర్‌పల్లి వెంచర్లకెల్లి కార్లేసుకొని వస్తరు జనం, లైన్ కడితే మెయిన్ రోడ్డు దాక పోతది. పోయిన నెల గట్లనే మిరపకాయలు ఎండబోస్తుంటే ఒకాయన వచ్చిండు. మెడల ఐడీ కార్డు పట్టీ, చేతిల పలకంత ఫోను.

"అమ్మా, సర్వే. లాంగ్ టర్మ్ ఫోర్‌కాస్ట్. ఇరవై ఏండ్ల తర్వాత కరెంటు ఎంత కావాలె, ఎక్కడ తయారు చెయ్యాలె, రేటు ఎంతుంటది, అన్నీ ఇప్పుడే అంచనా వేస్తం."

"ఇరవై ఏండ్లా? నా పండ్ల సెట్టుకే రెండేండ్ల గ్యారంటీ ఇచ్చిండు నాయనా, డాక్టరు!"

"మీరు లేకున్నా ఇల్లుంటది కదమ్మా," అన్నడు. ఎంత మర్యాద చూడు!

చందనవెల్లిల డేటా సెంటర్లు వస్తున్నయట, కార్లన్నీ కరెంటుతోనే నడుస్తయట, ఇండ్లల్ల ఎంత వాడుతరో తెలిస్తెనే లెక్క కుదురుతదట. చెప్పి చెప్పి, "మీ ఇంట్ల ఏసీలు ఎన్ని ఉంటయమ్మా?" అని అడిగిండు. ఒకటి చెప్దామనే నోరు తెరిచిన, నా మీద ఒట్టు. ఆయనే ఊకుండక, "ఎదురింటి అనసూయమ్మగారు నాలుగు చెప్పిర్రు," అన్నడు.

నాలుగా! ఆమె ఇంట్ల ఉన్నదే మూడు అర్రలు. నాలుగోది ఏడ పెట్టుకుంటదట, నెత్తి మీదనా?

"నాకు ఆరు రాస్కో," అన్న.

ఆయన కనురెప్ప గూడ కొట్టకుండ రాసుకున్నడు. అట్ల రాసుకునేటోడు ముందల ఉంటే నోరు ఆగుతదా చెప్పు! కరెంటు కారు శ్రీనుకొకటి, కోడలికొకటి, నేను గుడికి పోనీకి ఒకటి. రొట్టెలు కాల్చే మిషన్, కాళ్ళు ఒత్తే మిషన్. మేడ మీదికి ఎక్కనీకి లిఫ్టు. మాకు మేడ లేదు గదా అంటవా? లిఫ్టొస్తె మేడ రాదా? బర్రెల కొట్టంల రెండు కూలర్లు గూడ రాయించిన. బర్రెలు లేవు, నిజమే. ఇరవై ఏండ్లున్నది గదనే, కొంట!

అప్పుడడిగిండు ఆ మాట. "అమ్మా, లోడ్ మస్తు పెరుగుతది మరి. మీ దగ్గర జాగ ఉన్నదా?"

నీకు తెల్సుగదా, వాన పడితే పెరట్ల నీళ్ళు నిలుస్తయని ఒక లోడ్ ఎర్రమట్టి పొయ్యమని ట్రాక్టర్ యాదయ్యకు చెప్పి ఎన్నాళ్ళయిందో. ఇయ్యాల, రేపు అని తిప్పుతున్నడు. లోడ్ అంటే నాకు తెల్సిన లోడ్ అదొక్కటే! యాదయ్య దోస్తేమో, పాపం అడుగుతున్నడు అనుకున్న.

"జాగకేం తక్కువ నాయనా? పెరడంత ఖాళీయే. ఒక్క లోడ్ గాదు, రెండు వచ్చినా దింపు!"

పలక మీద వేలుతోని సంతకం గూడ పెట్టించుకున్నడు. మట్టికి సంతకమెందుకా అనుకున్న, గవర్నమెంటు మట్టేమో అని ఊకున్న.

మొన్న సోమవారం నలుగురొచ్చిర్రు. టేపు, సున్నం బస్త. నా మిరపకాయల చాప పక్కకు గుంజి, ఎండ సరిగ్గ పడే కాడనే సున్నంతోని ఇంత పెద్ద డబ్బ గీసిర్రు.

"ఇదేందయ్యా?"

"ట్రాన్స్‌ఫార్మర్ అవ్వా. పెద్దది. జాగ మీరే ఇస్తమన్నరట."

"నేను అడిగింది ఎర్రమట్టి!"

"దిమ్మె కింద మట్టి గూడ పోస్తం అవ్వా, ఫికర్ చెయ్యకు."

నాకు కడుపు మండిపోయింది! ఎప్పుడో ఇరవై ఏండ్లకు రాబోయే ఏసీల కోసం ఇయ్యాల ఎండుతున్న మిరపకాయలను లేపుతరా? తెల్లారి చేవెళ్ళ ఫంక్షన్ హాల్ల ఆ ఫోర్‌కాస్ట్ మీటింగే ఉన్నదంటే బస్సెక్కిన. ఎనకనే అనసూయ. "నేను గూడ వస్త వదినె, ఒక్కదానివి ఏం పోతవు," అన్నది. నా మీద ప్రేమ గాదు, నా పరేషాన్ చూసే ఆశ.

హాల్ల తెర మీద ఒక గీత. నిమ్మలంగ పాక్కుంట వచ్చి, ఒక్క కాడ రాకెట్ లెక్క పైకి లేచి, తెర దాటి, గోడెక్కి, ఫ్యాను దాక పోయింది.

"గదేంది సారూ?" అని అడిగిన పెద్ద సారును.

"మొయినాబాద్ల ఒక గల్లీ అమ్మా. మాకు గూడ సమజైతలేదు."

అది మా గల్లీయే! సంగతేందంటే, నా ఆరు సంగతి విని అనసూయ సర్వే ఆయనను వాపస్ పిలిచి ఎనిమిది చేయించిందట. అది చూసి బట్టల దుకాణమోళ్ళు కరెంటు కార్లు పెంచిర్రట. గల్లీ గల్లీ అంత ఒకల మీద ఒకలు ఎక్కిర్రు.

సారు ఇంకో గీత చూపిచ్చిండు. "డిమాండ్ ఇంత పెరిగితే బయటికెల్లి కరెంటు కొనాలె. అప్పుడు రేటు గూడ ఇట్లనే లేస్తది."

"అంటే చెప్పిన అబద్ధానికి గూడ బిల్లు కట్టాల్నా?" హాలంత వినపడేటట్టు అరిచిన. "ఇరవై ఏండ్ల అవతలిది చూస్తున్నరు గదా, ఎల్లుండి మబ్బు పడ్తదో లేదో చెప్పుర్రి, మిరపకాయలు లోపల పెట్టుకోవాలె!"

"అది మా డిపార్ట్‌మెంట్ కాదమ్మా," అన్నడు. "సరే, మీరు చెప్పింది నిజం కాదంటే ఇప్పుడే చెప్పండి, తీసేస్త."

చెప్పుడేమన్న సులువా! మంది ముందల, అందులో అనసూయ ముందల! గని కండ్ల ముందల ఆ సున్నం డబ్బ కనపడ్డది.

"ఒక్క ఏసీ గూడ లేదు సారూ. ఉండదు గూడ."

అనసూయ నవ్వు చెవుల దాక పోయింది, అక్కడ ఆగలేక కొప్పు దాక పోయింది. సారు నా ఆరు కొట్టేసి, "మరి ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ లోడ్ ఉన్నోళ్ళ దగ్గర పెట్టాలె. ఎనిమిది ఏసీలు... అనసూయమ్మ ఎవరు?" అన్నడు.

"ఇగో, ఈమెనే సారూ! గేటు కాడ మస్తు జాగ!" నేనే చెయ్యి పట్టి లేపిన.

ఇగ చూడు అనసూయను! "నాకు ఏసీలెక్కడియి సారూ? ఉన్న ఒక్క కూలర్ చెడిపోయింది."

వాళ్ళు మళ్ళ నా దిక్కు చూస్తరేమోనని నాకు భయమైంది. "నాకు కూలరే లేదు సారూ, ఫ్యాన్లే."

"నా ఫ్యాన్లు తిరగయి సారూ, సప్పుడే చేస్తయి," అన్నది అనసూయ.

"నేను ఇసనకర్రతోని ఇసురుకుంట."

"నాకు ఒక్క దీపముంటే చాలు సారూ!"

"నాకు దీపం గూడ వద్దు! చీకట్లనే ఉంట, అలవాటయింది!"

ఇగ అనసూయకు దిగనీకి మెట్టు మిగల్లేదు. నేనే గెలిచిన! సారు నెత్తి పట్టుకొని నా పేరు ముందల సున్న పెట్టిండు, సంతకం తీసుకున్నడు. సున్నం డబ్బకు సున్నతోని జవాబు చెప్పిన అని బస్టాండ్ల మిర్చి బజ్జీలు కొనుక్కొని తిన్న. అనసూయకు గూడ ఒకటి పెట్టిన, ఓడిపోయింది గదా పాపం.

ఇయ్యాల పొద్దుగాల ఈయన నిచ్చెనేసుకొని దిగిండు. "అవ్వా, కరెంటే వద్దని సంతకం పెట్టినవట. మీటర్ వాపస్ తెమ్మన్నరు."

శ్రీను, కోడలు వికారాబాద్ పెండ్లికి పోయిర్రు. దుకాణంల ఫ్రిడ్జ్ నిండ పాల పాకెట్లు, లోపల ఫ్రిడ్జ్‌ల మిరపకాయలకు పెట్టిన పెరుగు. సాయంత్రం వాళ్ళొచ్చి చూస్తే నన్నే ఎండబోస్తరు! అనసూయ మీటర్ ఎందుకు పీకరంటవా? ఆమె దీపం కాడ ఆగింది గదా. దాన్ని ఆ సారు బల్బు అని రాసుకున్నడట! అగో, కిటికీల నిలబడి చూస్తున్నది. తిరగని ఫ్యాను గాలికి కొంగు ఎట్ల ఎగురుతున్నదో చూడు!

అందుకే పిలిచిన నిన్ను. లే, స్కూటీ తియ్యి. చేవెళ్ళ పోయి ఆ సారును పట్టుకో. మా అత్తకు ఆరూ లేవు, సున్నా లేదు, ఉన్నది ఉన్నట్టు రాసుకొమ్మను. రెండు ఫ్యాన్లు, రెండు ఫ్రిడ్జ్‌లు, ఒక టీవీ, అంతే. జల్ది పో బిడ్డా, చాయ్ పత్త అయిపోవచ్చింది, ఈయన కప్పు బోర్లిస్తే మీటర్ పోయినట్టే!

ఆగాగు, ఒక్క మాట. అనసూయకు ఫ్యాన్లు ఎన్ని రాసిండో సారును మెల్లగ అడుగు. దాని మీద నాకు ఒకటి ఎక్కువ రాయించు.